అరంగుళం

లాకుల దగ్గర లస్కరు యేసుపాదం
రెండు చేతులా ఎత్తుకొచ్చి గట్టున పడుకోబెట్టాడు.
తనంతట తనే, అని పంచనామాలో రాశారు.
వయసు యాభై, చామనచాయ,
పేరు దగ్గర గీత.

మూడు రోజులు చూశారు.
పేపర్లో బొటనవేలంత ఫొటో వేశారు,
అంత ఫొటోలో ఎవరైనా ఎవరిలాగైనా ఉంటారు.
నాలుగోనాడు పంచాయతీవాళ్లు మట్టి కప్పి
రాయి మీద నంబరు వేశారు.

నాకేం పని అందులో?
రాజోలు సెంటర్లో గుండీలు కుట్టుకునేవాణ్ణి.
కానిస్టేబులు ఖాకీ వదులు చేయించుకోడానికొచ్చి
మాటవరసకి ఆ చొక్కా ఫోన్లో చూపించాడు.

పెద్దది చెయ్యండి, అన్నాను.
ఇంకా.
కాలరు తిప్పి కుట్టి ఉంది.
ఈ రోజుల్లో ఎవరు తిప్పిస్తారండీ కాలరు!
అరిగిన వైపు లోపలికి, బాగున్న వైపు బయటికి,
నాలుగేళ్ల చొక్కాకి ఇంకో రెండేళ్లు.
ఇంకో రెండేళ్లు కావాలనుకున్న మనిషేనండి,
ఎప్పుడో ఒకప్పుడు.

తర్వాత కాజాలు చూశాను.
కుట్టు అటునుంచి ఇటు పడింది.
కుట్టినవాడిది ఎడంచేతివాటం.

ఆదివారాలు కొట్టు కట్టేసి తిరిగాం
నేనూ, యేసుపాదమూ, అతని మోపెడూ.
తాటిపాక, మలికిపురం,
సఖినేటిపల్లి రేవులో పంటెక్కి నర్సాపురం,
అక్కణ్ణించి పాలకొల్లు.
మిషను చప్పుడు వినబడ్డ ప్రతిచోటా ఆగి
"ఇక్కడ ఎడంచేతివాటం ఎవరికండీ?"
పిచ్చోళ్లనుకున్నారు కొందరు.
ఒకాయన టీ ఇప్పించాడు.
యేసుపాదం ప్రతి ఊళ్లోనూ ఒకటే చెప్పేవాడు,
ఎవరూ అడక్కుండానే:
"చాలా తేలిగ్గా ఉన్నాడండి బాబూ,
తిని ఎన్నాళ్లయిందో."

మేం తిరుగుతున్న సంగతి విని
పెనుగొండ నుంచి సుభాషిణి అని ఒకామె వచ్చింది,
తప్పిపోయిన తన భర్తేమోనని.
ఫొటో చూసి, కాదండి, అంది.
కొట్టు మెట్ల మీద కూలబడి
నవ్విందో ఏడ్చిందో మాకు తెలీలేదు.
బస్సెక్కబోయినావిడ వెనక్కొచ్చి
యాభై కాగితం యేసుపాదం చేతిలో పెట్టి
"ఆయనకి పువ్వులు" అని మాత్రం అంది.

దొరికాడు చివరికి, ఆచంటలో,
రైసుమిల్లు పక్క సందులో,
ఎడంచేత్తో సూదికి దారమెక్కిస్తూ ముసలి మస్తాన్.
చూడగానే "నా కాజాయే" అన్నాడు.
అటక మీంచి కొలతల పుస్తకాలు దించాడు,
ఎలకలు తినగా మిగిలినవి.
మూడో దాంట్లో ఉంది:
ఛాతీ ముప్ఫై ఎనిమిది. మెడ పదిహేను.
చెయ్యి ఇరవై మూడున్నర.
ఎడం భుజం అరంగుళం కిందికి.
పేరు దగ్గర, మేష్టారి తమ్ముడు.

ఏ మేష్టారండీ?
మస్తాన్ కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.
"అప్పుడు తెలుసు బాబూ."

గోదారికి అటూ ఇటూ ఎంతమంది మేష్టర్లో!
లెక్కలు, తెలుగు, డ్రిల్లు, హార్మనీ, ట్యూషను.
ఒక్కొక్కరికీ ఎంతమంది తమ్ముళ్లో.
ఈలోగా కాలవలకి నీళ్లొదిలారు,
అతనికి షట్టర్ల డ్యూటీ,
నాకు స్కూలు యూనిఫాంలు.
తిరగడం ఆగిపోయింది.

అన్నదమ్ములకి భుజాలు ఒకేలా వాలతాయి.
డాక్టర్లు ఒప్పుకుంటారో లేదో తెలీదు,
ముప్ఫై ఏళ్లుగా టేపు నాకు చెప్పిన మాట.
అందుకని ఏ మేష్టారొచ్చినా
ఎడం భుజం రెండుసార్లు కొలుస్తాను.

మొన్న ఒకాయన వచ్చారు,
రిటైరయిన సైన్సు మేష్టారు,
లాల్చీకి తెల్ల పాప్లిన్ మూడు మీటర్లు తెచ్చుకుని.
మెడ దగ్గర మొదలెట్టిన టేపు ఎడమకి జారింది.
మళ్లీ పెట్టాను.
"మీకు తమ్ముడున్నారాండి?"
అద్దంలోంచి నన్ను చూశారు.
"ఉన్నాడు. మాటల్లేవు."
చెప్పులేసుకుని వెళ్లిపోయారు,
మిగతా కొలతలివ్వకుండా.

పది రోజులయింది.
గుడ్డ బల్ల మీదే ఉంది.
యేసుపాదం సాయంత్రాలు వచ్చి
దాని వంక చూసి, నా వంక చూసి
బీడీ వెలిగించుకుంటాడు.

నా పుస్తకంలో ఒక్కటే రాసుంది:
ఎడం భుజం అరంగుళం కిందికి.
పేరు చివర్లో కదండీ అడుగుతాం మేము.